పదిహేనో మెట్టు

బస్సు డ్రైవర్‌తో వాదన పెట్టుకుని గెలిచిన మనిషిని నేను నా జన్మలో ఒక్కర్నే చూశాను. ఆమె మా చెల్లెలి కూతురు. ఈగ వాలితే ఉలిక్కిపడే రకం.

ఆ ఆదివారం సాయంత్రం మా ముందుగదిలో బల్ల చుట్టూ మా పిల్ల కాక నలుగురు ఆటకు కూర్చున్నారు. డ్రైవర్ పాచిక విసిరాడు. ఆ పాచికకు ఇరవై ముఖాలు. దొర్లి దొర్లి ఇరవై మీద ఆగింది. డ్రైవర్ బల్ల చరిచాడు. నా టీ గ్లాసు ఎగిరిపడింది.

"అయిపోయాడు! వంతెన కాపలావాడు ఖతం. తల ఎగిరి ఏట్లో పడింది. రాసుకో తల్లీ!"

"చావలేదు," అంది మా పిల్ల.

"ఇరవై పడింది, కళ్ళు కనిపించట్లేదా?"

"కనిపిస్తోంది అన్నా. నీ కత్తి తగిలింది. అతను నీ వైపు తిరగలేదు. ఇంకా దారి వైపే చూస్తున్నాడు."

"ఎటు చూస్తే నాకేం? నేను వంతెన దాటాలి, వాడు అడ్డం నిలబడ్డాడు, నరికాను. ఆట నడిపేదానివి కదా అని నోటికొచ్చినట్టు మారుస్తావా? ఇది తొండి!"

మిగతా ముగ్గురూ తొండే తొండే అని వంత పాడారు. పిల్ల బల్ల కింద చున్నీ కొసకు ముడుల మీద ముడులు వేస్తోంది. పక్కన కూర్చున్నదాన్ని కాబట్టి నాకు కనిపించింది. మాట మాత్రం తడబడలేదు.

"అన్నా, ఒక్క మాట. నీ తర్వాత బండి ఎక్కాల్సిన డ్రైవర్ రాలేదనుకో. ఏం చేస్తావ్?"

"ఏం చేస్తాను, ఎదురు చూస్తా."

"వదిలేసి ఇంటికి పోవచ్చుగా?"

"ఎలా పోతానమ్మా, జనం ఎక్కి కూర్చున్నాక! మొన్న శుక్రవారం చూడు, మూడు గంటలు, ఒకడు ఫోనెత్తడు, ఒకడు..." అంటూ ఆగిపోయాడు.

"అతను నిన్ను ఆపడానికి నిలబడలేదు అన్నా," అంది పిల్ల. "అతని వంతు అయిపోయి ఏళ్ళయింది. మార్పిడికి మనిషి రాలేదు."

డ్రైవర్ పాచిక కింద పెట్టాడు. గొంతు సవరించుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీతో, "అన్నా, ఆలస్యమైంది. ఏమనుకోకు. నువ్వెళ్ళు, నేనుంటా," అన్నాడు.

"కాపలావాడు ఈటె నీ చేతికిచ్చాడు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని ఇంటిదారి పట్టాడు," అంది పిల్ల.

డ్రైవరే, "మరిప్పుడు నన్నెవరు దింపుతారు?" అనడంతో అందరూ విరగబడి నవ్వారు. నవ్వుల మధ్య లేచి వెళ్ళి ముఖం కడుక్కొచ్చాడు. కంట్లో ఏదో పడిందన్నాడు. పడే ఉంటుంది.

ఈ ఆట ఎరగనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో వీరుడు. ఒకరు మాత్రం ఆట నడుపుతారు. వీరులకు దారిలో ఎదురయ్యే కాపలావాళ్ళు, దుకాణదారులు, దొంగలు, మంత్రగత్తెలు, రాక్షసులు అందరి తరఫునా ఆ ఒక్కరే మాట్లాడాలి. ఆ వచ్చేవాళ్ళను ముందుగా ఎవరో ఒకరు కూర్చుని పుట్టించాలి కదా. మా పిల్ల చేసేది ఆ పని.

ఆమెకో పేరుంది గానీ, ఇంట్లో అందరం బెదురు అనే పిలుస్తాం. ఆ పేరు పెట్టింది నేనే. బుడగ చూస్తే భయం, లిఫ్టు చూస్తే భయం, ఫోను మోగితే ఎవరికేమైందోనని భయం. అన్నిటికన్నా గడియ వేసిన తలుపంటే భయం. ఆరేళ్ళప్పుడు స్నానాలగదిలో గడియ బిగుసుకుపోయి ఒక పూటంతా లోపల ఉండిపోయింది. తాళాలవాడు వచ్చి తలుపు ఊడదీసేసరికి ఏడుపు కూడా అయిపోయి, గోడకున్న పలకలు లెక్కపెడుతూ కూర్చుంది. నూటపద్దెనిమిది. ఎత్తుకోబోతే, "ఆగు పెద్దమ్మా, ఇంకో వరస ఉంది," అంది. ఆ తర్వాత వాళ్ళమ్మ పోయి, బెదురు నా దగ్గరికి వచ్చేసింది. అప్పటినుంచి మా ఇంట్లో ఏ తలుపుకీ గడియ పడలేదు. పక్కింటి పిల్లి మా ముందు గుమ్మంలో దూరి వెనక గుమ్మంలో బయటికి పోతుంది, సొంత వీధిలా.

ఇప్పుడామెకు ముప్పై ఆరేళ్ళు. పెళ్ళి సంగతి అడిగేవాళ్ళకు జవాబు నేనే చెబుతాను. వాళ్ళు మళ్ళీ అడగరు.

పదకొండేళ్ళుగా ఆటలు తయారుచేసే కంపెనీలో పెట్టెలు సర్దే పని చేస్తోంది. పెట్టెకు ఒక పుస్తకం, నాలుగు పటాలు, అరవై కార్డులు, ఏడు పాచికల సంచీ ఒకటి. సంచీ అరచేతిలో పడగానే అందులో ఏడున్నాయో ఆరున్నాయో ఆమెకు తెలిసిపోతుంది, విప్పి చూడక్కర్లేదు. సర్దుడు గది కింద ఉంటుంది. ఆటలు రాసేవాళ్ళు పైన అద్దాల గదిలో కూర్చుంటారు. రోజూ ఆ అద్దాల కిందనుంచే నడిచి వెళ్ళేది గానీ తలెత్తి చూసేది కాదు. ఎవరైనా కిందికి చూస్తారేమోనని భయం.

కంపెనీలో మూలలు విరిగిన కార్డులు పారేస్తారు. వాటిని సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చుకునేది. ఒక్కో కార్డు వెనక మూడే మూడు మాటలు రాసేది: ఏం కావాలి, దేనికి భయం, ఏ మాట పదేపదే అంటుంది. టికెట్ల కిటికీ వెనక తలెత్తకుండా చిల్లర తోసే ఆవిడ, కార్డు మీద చచ్చినవాళ్ళ ఊరికి కాపలాదారు అయింది. మా మేడ మీద ఇరవై నాలుగ్గంటలూ దగ్గే పెద్దాయన మంచుగుహలో డ్రాగన్ అయ్యాడు. నన్ను కూడా ఒక ముసలి మంత్రగత్తెను చేసిందని డ్రైవర్ చెవిలో ఊదాడు. నేను అడగలేదు. ఆ మంత్రగత్తె ఇంతవరకు ఎవరి చేతిలోనూ ఓడిపోలేదట. నాకది చాలు.

"కోరిక లేని రాక్షసి గోడతో సమానం పెద్దమ్మా," అనేది. "గోడను ఎంత బాదినా చేతులు నొప్పి పుడతాయి గానీ కథ పుట్టదు."

అలా పదకొండేళ్ళు గడిచాక, ఒక నెల మొదటివారంలో సర్దుడు గది గోడకు ఒక కాగితం అంటించారు. నెలాఖరుకు గది మూసేస్తారు. పెట్టెలు సర్దడానికి యంత్రం వస్తోంది. ఆ సాయంత్రం బెదురు ఇంటికొచ్చి చెప్పులు విప్పడం మర్చిపోయి మంచం మీద కూర్చుంది. కూర్చుని, పొయ్యి ఆర్పావా లేదా అని నన్ను నాలుగుసార్లు అడిగింది. ఆ రోజు పొయ్యే వెలిగించలేదు.

సర్దుడు గదికి పెద్ద ఒకావిడ ఉంది. తిట్లే తప్ప మాటలు రానట్టుంటుంది. ఆవిడే ఎవరికీ చెప్పకుండా బెదురు సంచీలోని కార్డులు పట్టుకెళ్ళి పైగది సంపాదకురాలి ముందు పడేసింది. మూడో రోజు బెదురుకు పైనుంచి పిలుపొచ్చింది. సంపాదకురాలు కళ్ళజోడు తలమీదకు తోసుకుని చూసింది.

"వంతెన కాపలావాడు నీవాడేనా?"

"అవునండీ. తప్పా?"

"తప్పెందుకమ్మా. నలభై రాక్షసుల పుస్తకం వేస్తున్నాం. ఒకాయన మధ్యలో చేతులెత్తేశాడు, ఒక పేజీ ఖాళీగా ఉంది. ఒక్క పేజీ, రెండు వారాలు. రాయగలవా?"

"రాయలేకపోతేనండీ?"

"రాయగలవా అని అడిగితే రాయలేకపోతే అంటావేంటి?" అని నవ్వింది సంపాదకురాలు. తర్వాత నవ్వు ఆపి సంగతి చెప్పింది. రాసినదాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళ బల్ల మీద పెడతారు. ఆట నడిపేవాడు కూడా కొత్తవాడే. రాసిన మనిషి వెనక కుర్చీలో కూర్చోవాలి, నోరు తెరవకూడదు. తుమ్మొచ్చినా బయటికెళ్ళే తుమ్మాలి. బల్ల దగ్గర ఆ రాక్షసి బతికితే, అంటే ఆడేవాళ్ళు దాని మనసు కనిపెడితే, పుస్తకంలోకి ఎక్కుతుంది, అద్దాల గదిలో ఒక కుర్చీ బెదురుది అవుతుంది. బతకకపోతే నెలాఖరుకు అందరితోపాటే ఇంటికి.

బెదురు పుట్టించిన రాక్షసి పేరు ఎక్కువ మెట్టు. పాత బురుజులో పద్నాలుగు మెట్లుంటాయి. ఒక్కో రోజు పదిహేనుంటాయి. ఆ పదిహేనోది రాయి కాదు, ప్రాణి. మెట్లలో మెట్టులా ఒదిగి పడుకుని ఉంటుంది. కాలు పెట్టినవాడి మడమ పట్టుకుంటుంది, వదలదు. కత్తికి తెగదు, నిప్పుకు కాలదు. దానికి కావలసింది ఒక్కటే, తనను కూడా మెట్లలో ఒక మెట్టుగా ఎవరైనా లెక్కపెట్టాలి. పదిహేను అని పైకి అంటే చాలు, వదిలేస్తుంది.

మా ఇంట్లో రెండు ఆదివారాలు ఆడించి చూసింది. రెండుసార్లూ మెట్ల దగ్గరికి రాగానే డ్రైవర్ గొంతు తగ్గించి, "పద్నాలుగు... ఒరేయ్, ఇంకోటుందిరా," అన్నాడు. ఎవరో పదిహేను అన్నారు. మెట్టు కాలు వదిలేసింది. నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. బెదురు అదంతా శుభ్రంగా పేజీలోకి ఎక్కించి పైగదిలో ఇచ్చివచ్చింది.

పరీక్ష గురువారం మధ్యాహ్నం. వెనక కుర్చీ గోడకు ఆనించి వేశారు. బెదురు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఎర్ర స్వెట్టర్ వేసుకున్న కుర్రాడెవరో పేజీ చదువుకుని ఆట మొదలుపెట్టాడు.

"బురుజు మెట్లు ఎక్కుతున్నారు. పైమెట్టు మీద ఏదో మీ కాలు పట్టుకుంది. ఏం చేస్తారు?"

గొడ్డలితో కొట్టారు. తెగలేదు. నూనె పోసి అంటించారు. కాలలేదు. తాడు కట్టి లాగారు. పాచికలు పడుతున్నాయి, అంకెలు రాసుకుంటున్నారు, గడియారంలో పావుగంట, అరగంట, ముప్పావుగంట. ఒక్కరి నోటినుంచి కూడా లెక్క అన్న మాట రాలేదు. బెదురు నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని ఉంది. ఇప్పుడంటారు, ఇదిగో ఇప్పుడంటారు అనుకుంటోంది. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట ఆమె నోట్లోనే ఉంది, నోరు తెరవకూడదు.

బల్ల దగ్గర ఒకడు ఒళ్ళు విరుచుకుని, "మెట్టును కొట్టడానికా బాబూ ఇంత దూరం వచ్చాం? మా ఇంట్లోనే ఉన్నాయి బోలెడు," అన్నాడు. అందరూ నవ్వారు. ఎర్ర స్వెట్టర్ కుర్రాడు జాలిగా పేజీ మూసేశాడు.

అందరూ వెళ్ళాక సంపాదకురాలు అడిగింది. "మీ ఇంట్లో ఎలా గెలిచారు?"

"లెక్కపెట్టారండీ."

"లెక్కపెట్టాలని వాళ్ళకెలా తోచింది?"

"తెలీదండీ. వాళ్ళంతట వాళ్ళే."

"ఎవరికీ వాళ్ళంతట వాళ్ళకి ఏదీ తోచదమ్మా. ఈ రాక్షసిలో ఏదో ఉంది. అది నీ దగ్గరే ఉండిపోయింది, కాగితం మీదకు రాలేదు. వచ్చే గురువారం ఇంకో బల్ల పెడతాను. అదే ఆఖరు."

ఆ సాయంత్రం నేను ముందు గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. బెదురు మెట్లెక్కి వస్తోంది. మా మెట్లు కూడా పద్నాలుగే. పైకి వచ్చి, జరిగిందంతా నిలబడే చెప్పింది. చెప్పి, "ఆ బల్ల దగ్గర ఎందుకు లెక్కపెట్టలేదు పెద్దమ్మా? మనవాళ్ళు పెట్టారు కదా," అంది.

"నువ్వు పెడితే వాళ్ళూ పెట్టారు," అన్నాను.

"నేనా? నేనెప్పుడు పెట్టాను?"

"ఇప్పుడే పెట్టావు. ఒకటి, రెండు, మూడు అని గొణుక్కుంటూ పద్నాలుగు దాకా వచ్చి నా ముందు నిలబడ్డావు. ముప్పై ఏళ్ళుగా పెడుతున్నావు. నువ్వు ఎన్నో మెట్టు మీదున్నావో నేను వంటింట్లోంచి చెప్పగలను."

నమ్మలేదు. మూడో క్లాసుతో ఆగిపోయిన ముసలిదాని మాట ఎవరు నమ్ముతారు? డ్రైవర్‌కు ఫోను కలిపింది. అతని గొంతు నాకు కూడా వినిపిస్తోంది, బస్సులో అరిచి అరిచి అలవాటైన గొంతు.

"ఆ, అవును తల్లీ! మెట్ల దగ్గరికి రాగానే నువ్వు పెదాలు కదుపుతూ గుసగుసగా లెక్కపెట్టావుగా. భయపెట్టి చంపావనుకో. అది నీ అలవాటా? మేమంతా ఆ రాక్షసి గొంతనుకున్నాం!"

బెదురు ఫోను పెట్టేసింది. ముఖం ఎర్రబడి, తెల్లబడి, మళ్ళీ ఎర్రబడింది. సిగ్గుపడుతోందనుకున్నాను. ఉన్నట్టుండి పెన్సిల్ కోసం పరుగెత్తింది.

లెక్కను రాక్షసికే ఇచ్చేసింది. వీరులు మొదటిమెట్టు మీద కాలు పెట్టగానే రాతిలోంచి గుసగుసగా ఒకటి అని వినిపిస్తుంది. రెండు. మూడు. పద్నాలుగు దాకా చెప్పి ఆ గొంతు ఆగిపోతుంది. పదిహేను అని తన లెక్క తను చెప్పుకోలేదు. ఇంకెవరైనా చెప్పాలి.

అక్కడితో పెన్సిల్ కింద పెడితే బాగుండేది. పెట్టలేదు. వాళ్ళకు వినపడకపోతే? విన్నా పట్టించుకోకపోతే? చెవిటి వీరుడుంటే? మెట్లెక్కకుండా ఎగిరి పోతే? కిటికీలోంచి దూకితే? ఒక్కోదానికి ఒక జవాబు రాసింది. సోమవారానికి పేజీ కాస్తా ఆరు పేజీలైంది. ఎక్కడ చూసినా ఒకవేళ, ఒకవేళ. కంపెనీలో కూడా రాసింది, తినేటప్పుడూ రాసింది. చేతి అంచు పెన్సిల్ మసితో నల్లగా మెరిసింది. రొట్టె ముక్క ముందు పెడితే దానిమీద కూడా రాస్తుందేమో అనిపించింది నాకు.

"ఏదీ, చదువు," అన్నాను మంగళవారం పొద్దున్న. చదివింది. నేను రెండో పేజీలో నిద్రపోయాను. నటన కాదు, నిజంగానే. లేచి చూసేసరికి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"వీటిలో ఏది మిగిలింది నీకు?" అంది.

"గొంతు పద్నాలుగు దగ్గర ఆగిపోవడం."

"ఇంకా?"

"పాపం, దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోకపోవడం. మిగతాదంతా నీ భయం. అది కూడా అచ్చేయిస్తావా?"

ముఖం మాడ్చుకుంది. కాగితాలు సంచీలో కుక్కుకుని పనికి వెళ్ళిపోయింది. కానీ సాయంత్రానికి ఆరు పేజీలు ఒక పేజీ అయ్యాయి, బుధవారం సెలవు పెట్టి కూర్చుంటే మధ్యాహ్నానికి అందులో కూడా సగం ఖాళీ. అక్షరాలు మాత్రం ఎప్పటిలా చీమల బారులా లేవు. గుండ్రంగా, పెద్దగా, విడివిడిగా ఉన్నాయి. అవి ఎవరికోసం అంత పెద్దగా రాసిందో నాకు వెంటనే తట్టలేదు.

"పెద్దమ్మా, సాయంత్రం ఆరింటికి కింది వాటా కళ్ళజోళ్ళ దుకాణం ఆయన, వాళ్ళావిడ, ఎదురింటి డాక్టరమ్మ వస్తున్నారు," అంది. "వాళ్ళెవరికీ ఈ ఆట తెలీదు. నేనే పిలిచాను."

వాళ్ళ తలుపులు తట్టి పిలిచిందా ఇది? నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

"మంచిదే. నువ్వు ఆడించు, నేను టీ పెడతా."

"నేను కాదు. నువ్వు ఆడించాలి."

"నాకేం వచ్చు? నేను చదివితే కూడబలుక్కుని చదవడమే. పరువు తీస్తావా నాది?"

"అందుకే నువ్వు. ఆట తెలిసినవాళ్ళయితే లేనిది కూడా కలిపి చెబుతారు. నువ్వు కాగితం మీద ఉన్నది తప్ప ఒక్క ముక్క ఎక్కువ చెప్పవు. బాగా లేకపోతే బాగుందని కూడా అనవు." కాగితం నా చేతిలో పెట్టింది. "రేపు నేను లేకుండా ఇది బతకాలంటే, ఇవాళ నేను లేకుండా బతకాలి కదా."

"సరే, నువ్వు వెనక కుర్చీలో కూర్చో మరి."

"గదిలో ఉంటే నా పెదాలు ఊరుకోవు పెద్దమ్మా. బయట మెట్ల మీద ఉంటా." అని ముందు గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళుగా వాడని గడియ అది, తుప్పు పట్టి ఉంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడించి, కదులుతోందో లేదో చూసింది. నూనె చుక్క కూడా వేసింది. నాకు ఆ స్నానాలగది పలకలే గుర్తొచ్చాయి.

"వాళ్ళు రాగానే నన్ను బయటికి పంపి ఈ గడియ పెట్టెయ్," అంది నా వైపు చూడకుండానే. "నేను తలుపు కొడతానేమో. ఏడుస్తానేమో. ఏం చేసినా సరే, వాళ్ళలో ఒకరు పదిహేను అనేదాకా నువ్వు తలుపు తియ్యకు."